నీళ్లను చూసి చేపను కొనండి

బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదని నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. సబ్బు నురగ రాదు, బకెట్ అంచుకు తెల్లచార కడుతుంది, గీజర్ కాయిల్ మీద పెచ్చు పేరుకుంటుంది. నీళ్ల గురించి ఇంత తెలిసినవాళ్లే ఇంట్లో గాజు తొట్టె పెట్టుకునేసరికి ఆ తెలివిని పక్కన పెడతారు. మిర్యాలగూడలోనో, కోదాడలోనో, సూర్యాపేటలోనో షాపుకు వెళ్లి రంగు నచ్చిన చేపను తెచ్చుకుంటారు. నాలుగు రోజుల్లో అది చస్తే తప్పు నీళ్లదేనని తేల్చేసి, నీళ్లను మార్చే పనిలో పడతారు. బోరు నీళ్లు తీసేసి ప్లాంట్ నుంచి తెచ్చిన క్యాన్ నీళ్లు పోస్తారు, పీహెచ్ దించే మందు సీసా కొంటారు, ఆ మందు దించిన దాన్ని లేపడానికి ఇంకో సీసా కొంటారు. నాగార్జునసాగర్ ఆయకట్టు పట్టణాల్లో ఈ పద్ధతి తిరగబడాలి. మన కుళాయిలో వచ్చే నీళ్లను ఉన్నవి ఉన్నట్టు ఒప్పుకుని, వాటిలో హాయిగా బతికే చేపనే ఎంచుకోవాలి. దీనివల్ల ఖర్చు తగ్గుతుంది, చావులూ తగ్గుతాయి. కాస్త రసాయన శాస్త్రం తెలిస్తే ఇందులో పెద్ద రహస్యమేమీ లేదని అర్థమవుతుంది.

షాపుల్లోనూ ఇళ్లలోనూ మూడు విషయాలను ఒకే గాటన కట్టేస్తుంటారు, ముందు వాటిని విడదీయాలి. కఠినత్వం అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. పప్పు ఉడకనివ్వనిదీ, సబ్బును విరగ్గొట్టేదీ ఇదే. క్షారత అంటే ప్రధానంగా బైకార్బొనేట్లు. ఆమ్లం వచ్చి పడితే తట్టుకునే శక్తి నీళ్లకు ఎంత ఉందో ఇది చెబుతుంది. పీహెచ్ అనేది ఆ క్షణంలో నీళ్లు ఆమ్లం వైపున్నాయా, క్షారం వైపున్నాయా అని చూపే అంకె మాత్రమే. ఆ అంకెలో ఒక్క మెట్టు తేడా అంటే పది రెట్లు. పీహెచ్ 5కూ 8కీ మధ్య తేడా వెయ్యి రెట్లు. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములుంటే మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. క్షారతకూ అవే అంకెలు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. అక్వేరియం కిట్లు కఠినత్వాన్ని డిగ్రీల్లో చూపిస్తాయి. ఒక డిగ్రీ అంటే సుమారు 18 మిల్లీగ్రాములు. ఈ మూడింటిలో మనవాళ్లు పట్టించుకునేది పీహెచ్‌ను. తొట్టె తలరాతను రాసేది క్షారత.

కఠినత్వం, క్షారత కలిసే ఉంటాయని అనుకోవడం ఇంకో పొరపాటు. మన నేలే దానికి రుజువు. కోదాడకు దక్షిణాన మేళ్లచెరువు, హుజూర్‌నగర్ దాటి మఠంపల్లి, ఇటు దామరచర్ల మండలంలో వాడపల్లి, ఇదంతా కృష్ణ ఒడ్డు వెంబడి సాగే సున్నపురాయి పట్టీ. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ వరుస కట్టింది అందుకే. ఆ రాతి పొరల్లోంచి వచ్చే నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్ రెండూ దండిగా ఉంటాయి. పైకి పోతే నల్లగొండ వైపంతా గ్రానైటు. అక్కడ ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోర్లలో తరచూ కనిపించేది సోడియం బైకార్బొనేట్ నీరు: క్షారత ఎక్కువ, కాల్షియం తక్కువ. కాల్షియం తక్కువగా ఉండటం వల్లే ఫ్లోరైడ్ అవక్షేపంగా దిగిపోకుండా నీళ్లలో నిలబడుతుంది. అంటే సబ్బు బాగానే నురగనిచ్చే నీళ్లు కూడా పీహెచ్ దగ్గర మొండికేయవచ్చు. చేతిలో టీడీఎస్ పెన్ను పట్టుకుని తిరిగే అమ్మకందారుకు ఈ తేడా దొరకదు. అది కరిగిన లవణాల మొత్తాన్ని చూపిస్తుంది కానీ అవి ఏ లవణాలో చెప్పదు. క్షారతను లెక్కలోకి తీసుకోవడం ఈ జిల్లాకు కొత్త కాదు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి, నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచమంతటా పేరు పడ్డ ఫ్లోరైడ్ నిర్మూలన పద్ధతిలో పటిక, సున్నం వాడతారు. ఎంత పటిక వేయాలన్నది ఫ్లోరైడ్ ఎంతుందన్న దాన్ని బట్టే కాక ఆ నీటి క్షారత ఎంతన్న దాన్ని బట్టి కూడా నిర్ణయిస్తారు, ఎందుకంటే పటిక క్షారతను తినేస్తుంది. జిల్లా పేరే పెట్టుకున్న పద్ధతిలోని ఈ సూత్రం జిల్లాలోని చేపల షాపులకు చేరకపోవడం విచిత్రమే.

నేల ఇలా ఉండగా కాలం ఇంకో చిక్కు పెడుతుంది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసి, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలిన నాటి నుంచి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల నీటి సంవత్సరం ఎడమ కాల్వ గేట్లతో ముడిపడింది. సూర్యాపేట వైపు మూసీ కాల్వలు, శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) రెండో దశ నీళ్లు. మిషన్ భగీరథ వచ్చాక నల్లా నీళ్లు కూడా చాలా ఇళ్లకు శుద్ధి చేసిన నదీజలమే. కృష్ణ దక్కను పీఠభూమి నల్లరాతి మీదుగా వస్తుంది కనుక ఆ నీళ్లూ సాధారణంగా క్షారం వైపే మొగ్గుతాయి. కాకపోతే మన బోర్లంత గట్టివి కావు. కాల్వ పారే రోజుల్లో చుట్టుపక్కల బోర్లలోకి కొత్త నీరు ఇంకి, ఉప్పదనం కాస్త పలుచబడుతుంది. కాల్వ ఆగి ఎండలు ముదిరాక అదే బోరు చిక్కబడుతుంది. నల్లా రాని రోజున సంపులోకి ట్యాంకరు నీళ్లో, పక్కింటి బోరో చేరుతుంది. వారానికోసారి తొట్టెలో మూడో వంతు నీళ్లు మార్చే ఇంట్లో చేప ఒక వారం నదిలో, మరో వారం సున్నపురాయి గుట్టలో ఉన్నట్టు. చేపకు పెద్ద అంకె కంటే, చిన్న అంకె కంటే, మారే అంకె ప్రమాదం. అందుకే ఏదో ఒక మూలం ఎంచుకుని ఏడాది పొడవునా దాన్నే వాడాలి. చాలా ఇళ్లకు అది బోరే అవుతుంది. నల్లా నీళ్లు వాడితే క్లోరిన్ విరిచే హైపో వేసుకోక తప్పదు.

ఇక క్యాన్ నీళ్ల సంగతి. ఫ్లోరోసిస్‌ను కళ్లారా చూసిన జిల్లా ఇది. బోరు నీళ్లంటే భయం, ఆర్వో ప్లాంట్ నీళ్లంటే నమ్మకం ఊరికే రాలేదు. మనుషుల విషయంలో ఆ భయానికి అర్థముంది. చేప దగ్గర లెక్క వేరు. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు బయటి నీళ్లకంటే ఎక్కువగా ఉంటుంది. ఇరవై నాలుగు గంటలూ మొప్పల గుండా నీళ్లు లోపలికి చొరబడుతుంటాయి, లవణాలు బయటికి జారిపోతుంటాయి. ఆ జారుడును అదుపులో పెట్టేది బయటి నీళ్లలోని కాల్షియం. దాన్ని వడగట్టేసిన నీళ్లలో గట్టినీటి చేపను వేస్తే, అది తిన్న తిండిలో పెద్ద భాగం తన ఉప్పును కాపాడుకోవడానికే ఖర్చవుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం క్షారత లేకపోవడం. చేప విసర్జించే అమ్మోనియాను ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ పనిలో ఆమ్లం పుడుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి కాల్షియం కార్బొనేట్ లెక్కన సుమారు 7 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. 50 లీటర్ల తొట్టెలో రోజుకు ఒక గ్రాము మేత వేస్తున్నారనుకుందాం. అందులో ప్రొటీన్ 40 శాతం, ప్రొటీన్‌లో నత్రజని 16 శాతం. అంటే 64 మిల్లీగ్రాముల నత్రజని. సగమే అమ్మోనియాగా బయటికొచ్చినా రోజుకు 220 మిల్లీగ్రాములకు పైగా క్షారత కరిగిపోతుంది, లీటరుకు నాలుగున్నర. లీటరుకు 20 మిల్లీగ్రాముల క్షారత కూడా లేని ఆర్వో నీళ్లకు ఈ లెక్కన నాలుగైదు రోజులే ఆయుష్షు. ఆ తర్వాత పీహెచ్ ఒక్కసారిగా కూలుతుంది, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా పని మానేస్తుంది, చేపలు పైకి తేలుతాయి. లీటరుకు 300 క్షారత ఉన్న బోరు నీళ్లకు అదే మేతతో రెండు నెలలు పడుతుంది, ఈలోగా నీళ్లు ఎన్నిసార్లు మారుస్తామో చెప్పనక్కర్లేదు. మనం చెడ్డవని పారబోసిన నీళ్లలోనే తొట్టెకు బీమా ఉంది.

పీహెచ్ దించే సీసాది ఇంకో కథ. అందులో ఉండేది ఏదో ఒక ఆమ్లం. బోరు నీళ్లలో వేయగానే అది బైకార్బొనేట్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తుంది. పీహెచ్ దిగినట్టు కనిపిస్తుంది. రాత్రంతా ఎయిర్ పంపు బుడగలు కొట్టేసరికి ఆ వాయువు గాలిలో కలిసిపోయి, పొద్దున్నకు అంకె మళ్లీ మొదటికొస్తుంది. మళ్లీ మందు, మళ్లీ ఎక్కడం. ఇలా ఊగుతూ ఊగుతూ ఒకరోజు బైకార్బొనేట్ అయిపోతుంది. ఆ రోజు వేసిన అవే చుక్కలకు పీహెచ్ పాతాళానికి పోతుంది. మందు పనిచేయడం లేదని మోతాదు పెంచినవాళ్ల తొట్టెల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అప్పుడే తోడిన బోరు నీళ్లను పరీక్షించి మోసపోవడం కూడా ఈ కోవదే. భూమి లోపల ఒత్తిడిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ వల్ల అవి మొదట తక్కువ పీహెచ్ చూపిస్తాయి, ఒక రాత్రి గాలాడితే పైకి పోతాయి. కొత్త నీళ్లను డ్రమ్ములో పట్టి, ఒక రాత్రి బుడగలు కొట్టించాకే చూసిన అంకె నమ్మదగింది. భీమవరం, కైకలూరు వైపు రొయ్యల రైతును అడగండి. చెరువులో పీహెచ్ తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఇంకొకటి ఉంటుందని అతనికి తెలుసు. ఆ ఊగిసలాటను అణచడానికి క్షారత 100కు తగ్గకుండా చూసుకుంటాడు, తగ్గితే సున్నమో డోలమైటో చల్లుతాడు. లక్షల రూపాయల పంట నీళ్లలో పెట్టిన మనిషి నమ్మే సూత్రాన్ని, ఐదు వందల రూపాయల చేపలున్న మనం నమ్మకపోవడానికి కారణం లేదు.

అయితే ఈ నీళ్లకు తగిన చేపలేవి? లేమి ఏమీ లేదు. మాలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలవి. ఆ నేలలో సున్నపురాయి చాలా చోట్ల ఉంది. గప్పీ దక్షిణ అమెరికా ఉత్తర తీరానిది. వీటి కుటుంబానికే చెందిన గంబూసియాను ఆరోగ్య శాఖ దోమల లార్వాలు తినడానికి మన బావుల్లో, కుంటల్లో వదిలితే ఏ మందూ మాకూ లేకుండా తరాలుగా బతికేస్తోంది. మన నీళ్లు ఈ జాతికి సరిపడతాయనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? రంగులు కావాలనుకునేవారికి ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్‌లున్నాయి. ఆ సరస్సు పీహెచ్ 8 చుట్టూ, అంతకంటే కాస్త పైన ఉంటుంది. టాంగన్యీకా సరస్సు 9ని తాకుతుంది. నీలం, పసుపు రంగుల ఈ చేపల కోసం యూరప్‌లో మెత్తని నీళ్లున్న ఊళ్లవాళ్లు నీళ్లలో లవణాలు కొని కలుపుతారు. మేళ్లచెరువు బోరులో అవి ఉచితం. గోల్డ్‌ఫిష్ మోస్తరు గట్టి నీళ్లను ఇష్టపడుతుంది, కానీ దానికి చిన్న గిన్నె చాలదు. మన దేశపు జీబ్రా డేనియో, రోజీ బార్బ్ ఎలాంటి నీళ్లకైనా సర్దుకుంటాయి. తొట్టెలో అలంకారానికి వేసే గవ్వలు, పాలరాతి ముక్కలు వీటికి చేటు చేయవు. మెత్తని నీటి చేపలు పెంచేవారు మాత్రం రాయి మీద నిమ్మరసం చుక్క వేసి చూడాలి. బుడగలొస్తే అది నీళ్లను ఇంకా గట్టిపరిచే రాయి.

ఈ వాదనకు అన్నిటికంటే బలమైన అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచే వస్తుంది. ఇప్పుడు షాపులో దొరికే టెట్రా, ఏంజెల్ అమెజాన్ నుంచి రావు. చెన్నైలోని కొళత్తూరులోనో, కోల్‌కతా చుట్టుపక్కలో తరాలుగా తొట్లలో పుట్టి పెరిగినవి, అవి ఎప్పుడో గట్టి నీళ్లకు అలవాటు పడ్డాయి, పుట్టినచోటి నీళ్ల గురించి ఇంత చర్చ ఎందుకు అంటారు. ఇందులో నిజముంది. కార్డినల్ టెట్రా పుట్టిల్లు రియో నీగ్రోలో పీహెచ్ 5కు అటూ ఇటూ ఉంటుంది కదా అని తొట్టెను అలా మార్చడం వెర్రి. ఏంజెల్ చేప ఓ మోస్తరు గట్టి నీళ్లలో ఏళ్ల తరబడి బతుకుతుంది. కానీ ఈ అభ్యంతరం నా మాటనే బలపరుస్తోంది: చేప సర్దుకోగలిగితే నీళ్లను మార్చే పని ఇంకా అనవసరం. అయితే ఆ సర్దుబాటుకు రెండు హద్దులున్నాయి. బతకడం వేరు, గుడ్లు పెట్టి పిల్లల్ని చేయడం వేరు. నియాన్ టెట్రా గుడ్లు గట్టి నీళ్లలో సరిగ్గా ఎదగవు. ఇంకొకటి, సర్దుబాటుకు సమయం కావాలి. కవరులోని నీళ్లకూ తొట్టె నీళ్లకూ మధ్య ఉన్న తేడాను గంటసేపు కొద్దికొద్దిగా కలుపుతూ పూడ్చకుండా చేపను ధబీమని కుమ్మరించడం వల్ల పోయేవే ఎక్కువ. తొట్టెలో వేసిన మర్నాడు చచ్చిన చేపకు కారణం నీళ్ల కఠినత్వం కాదు, కుమ్మరించిన చేతి తొందర.

గట్టి, క్షార నీళ్లకు ఒక అసలైన లోపం ఉంది, దాన్ని దాచితే ఈ వాదన నిజాయితీ తప్పుతుంది. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది; అందులో ఒకటే చేపకు విషం. ఆ విషపు వాటా పీహెచ్‌తోనూ వేడితోనూ పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే అది మొత్తం అమ్మోనియాలో ఒక శాతానికి లోపు. 8కి చేరితే ఏడు శాతం దాటుతుంది, 8.5 దగ్గర ఇరవై. ఎండాకాలంలో సూర్యాపేట, మిర్యాలగూడ ఇళ్లలో తొట్టె నీళ్లు 30 దాటడం మామూలే. కాబట్టి మెత్తని నీళ్లలో చెల్లిపోయే నిర్లక్ష్యం మన నీళ్లలో చెల్లదు. చేపలు తక్కువ ఉండాలి, మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి, కొత్త తొట్టెలో ఫిల్టర్ బ్యాక్టీరియా కుదురుకునే దాకా నాలుగైదు వారాలు ఓపిక పట్టాలి. బోరు నీళ్లు పోస్తే చేపలు చచ్చాయని చెప్పేవాళ్లలో చాలామంది తొట్లలో జరిగింది ఇదేనని నా అంచనా: నిండా చేపలు, పిల్లలు వేసే గుప్పెళ్ల మేత, దానికి తోడు మే నెల. దీనికి విరుగుడు ఆర్వో కాదు. తొట్టెలో సగం చేపలు తగ్గించడం.

మెత్తని నీళ్లు కోరే డిస్కస్ చేప మీదే మనసు పడ్డవారి సంగతేమిటి? వారిని ఆపాలని నేననడం లేదు. బోరు నీళ్లు ఒక పాలు, ఆర్వో నీళ్లు రెండు మూడు పాళ్లు, ఏదో ఒక కొలత పెట్టుకుని, డ్రమ్ములో కలిపి, క్షారత చూసి, ప్రతిసారీ అదే కొలతలో పోస్తే నడుస్తుంది. ఆమ్లం చుక్కలకంటే ఇది వెయ్యి రెట్లు నయం. కానీ ఇంటి ఆర్వో యంత్రం ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు మోరీలోకి వదులుతుందని గుర్తుండాలి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్వో యంత్రాలను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది కూడా ఈ వృథా చూసే. వేసవిలో బోర్లు అడుగంటే నేల మీద ఒక అలంకారపు చేప కోసం వారం వారం అంత నీళ్లు పారబోయడం సరదా పరిధి దాటిన వ్యవహారం. ఫ్లోరైడ్ చేపలకు చేటు కాదా అనేది ఇంకో ప్రశ్న. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో దాని విషప్రభావం చేపలపై తగ్గుతుంది. సున్నపురాయి పట్టీ బోర్లలో దీని గురించి పెద్దగా దిగులు పడనక్కర్లేదు. గ్రానైటు వైపు, కాల్షియం తక్కువున్న ఫ్లోరైడ్ బోర్ల దగ్గర నల్లా నీళ్లే మేలు.

నీళ్లకు తగిన చేపను పెంచమనడంలో ఇంకో ముప్పు దాగుంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఈ నీళ్లలో హాయిగా బతికే చేప తొట్టె దాటినా హాయిగానే బతుకుతుంది. గంబూసియాను సాక్ష్యంగా చూపించాను; అదే చేప ప్రపంచంలో చాలా చోట్ల స్థానిక చిరుచేపలను తినేసి అపకీర్తి మూటగట్టుకుంది. తొట్టె గోడలు నాకుతుందని కొనే సక్కర్ చేప అడుగు దాటి పెరిగాక ఇంటివాళ్లకు భారమై కాల్వలోకో చెరువులోకో చేరుతుంది. ఒళ్లంతా ముళ్లూ పలకలతో ఉండే ఆ చేప ఆంధ్ర చేపల చెరువుల్లో వలలు చించి, మేత తినేసి రైతుల్ని ఏడిపిస్తోంది. దెయ్యం చేప అని పేరూ తెచ్చుకుంది. కార్డినల్ టెట్రాను ఎడమ కాల్వలో వదిలితే దాని వంశం అక్కడ నిలవదు. సక్కర్‌కు ఆ భయం లేదు. అందుకని షాపుల మీద రెండు బాధ్యతలు పెట్టాలి. ప్రతి తొట్టె మీద ధరతో పాటు ఆ చేపకు సరిపడే కఠినత్వం, క్షారత, అది ఎంత పొడవు పెరుగుతుందో తెలుగులో రాసి ఉంచాలి. పెంచలేకపోయిన చేపను అమ్మినవాళ్లే వెనక్కి తీసుకోవాలి. మున్సిపాలిటీలు కూడా నల్లా నీళ్ల పరీక్ష ఫలితాల్లో పీహెచ్, క్లోరిన్‌తో ఆగకుండా కఠినత్వం, క్షారత అంకెలు కలిపి నెలనెలా బోర్డు మీద పెడితే, చేపలు లేని ఇళ్లకూ అవి పనికొస్తాయి. ఈ నెల గీజర్ ఎందుకు మొరాయిస్తోందో, పప్పు ఎందుకు ఉడకడం లేదో అందులోనే తెలుస్తుంది.